లులు కేస్: కిలో కొవ్వులో 957 మిల్లీగ్రాముల పీసీబీ, ఈ నంబర్‌ని ఎలా చదవాలి

సముద్ర జంతువుల కొవ్వులో, లివర్‌లో పేరుకున్న రసాయనాలని కొలిచే ల్యాబ్ పని నాది. కొత్తగా చేరిన వాళ్ళకి రిపోర్ట్ చదవడం నేర్పాలంటే నేను ఎప్పుడూ తీసేది లులు కేస్. లులు ఒక ఆడ ఓర్కా, అంటే కిల్లర్ వేల్. పీసీబీ అంటే ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లలో, పెయింట్లలో వాడిన, ప్రకృతిలో తేలిగ్గా విరగని క్లోరిన్ రసాయనాలు. పోస్ట్‌మార్టం చేసింది నేను కాదు, శాంపిల్ నా దగ్గరికి వచ్చిందీ లేదు, స్కాట్లాండ్ వాళ్ళు చేసి ఫలితాలు బయటపెట్టిన కేస్ ఇది, కానీ ఒక్క జంతువు దగ్గర ఇన్ని చిక్కు ప్రశ్నలు కలిసొచ్చే కేస్ ఇంకోటి నాకు దొరకలేదు. అప్పట్లో వార్తల్లో "వంద రెట్లు విషం" అని హెడ్డింగ్‌లు వచ్చాయి, రెండు రోజులు తిరిగి పోయాయి. హెడ్డింగ్ తప్పేం కాదు, కాకపోతే ఆ వంద రెట్లు ఎక్కడి నుంచి వచ్చిందో, దేనితో పోలిస్తే వందో ఎవరూ పట్టించుకోలేదు.

కేస్ ఇదీ

2016 జనవరి మొదట్లో స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని టైరీ దీవి ఒడ్డుకి ఒక పెద్ద ఆడ ఓర్కా చచ్చి కొట్టుకొచ్చింది. కంటి వెనక తెల్ల మచ్చ, వీపు మీద బూడిద రంగు పట్టీ ఒక్కో ఓర్కాకి ఒక్కోలా ఉంటాయి కాబట్టి పాత ఫొటోలతో పోల్చి ఇది లులు అని గుర్తుపట్టారు. బ్రిటన్ తీరంలో ఏడాది పొడవునా ఉండే ఒకే ఒక్క చిన్న గుంపు ఉంది, వెస్ట్ కోస్ట్ కమ్యూనిటీ అంటారు, లులు అందులోది. ఆ గుంపుని రెండు దశాబ్దాలకి పైగా గమనిస్తున్నారు, అన్నేళ్ళలో ఒక్క పిల్ల కూడా కనబడలేదు. లులు పోయాక లెక్కకి మిగిలినవి ఎనిమిది, ఈ మధ్య ఏళ్ళలో అయితే జాన్ కో, అక్వేరియస్ అనే రెండు మగవి మాత్రమే కనిపిస్తున్నాయి.

పోస్ట్‌మార్టం చేసింది స్కాటిష్ మెరైన్ యానిమల్ స్ట్రాండింగ్ స్కీమ్, ఆండ్రూ బ్రౌన్‌లో టీమ్. చావుకి కారణం చేపల వేట తాళ్ళలో చిక్కుకోవడం. ఇది ముందే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలా మంది పీసీబీతో చచ్చిపోయింది అని రాసేస్తారు, అది కాదు. ల్యాబ్ ఫలితాలు 2017 మేలో బయటికొచ్చాయి, కిలో బ్లబ్బర్ కొవ్వుకి 957 మిల్లీగ్రాముల పీసీబీ. వయసు కనీసం 20 ఏళ్ళు. అండాశయాలు చూస్తే ఎప్పుడైనా గర్భం దాల్చే దశకి వచ్చిన ఆనవాళ్ళే లేవు.

ఈ మూడు ముక్కలు, నంబరు, వయసు, అండాశయం, కలిపి చదవాలి. విడివిడిగా చదివితే మూడూ తప్పుదారి పట్టిస్తాయి.

శాంపిల్ దగ్గర నుంచి మొదలుపెడదాం

బ్లబ్బర్ అంటే చర్మం కింద ఉండే మందపాటి కొవ్వు పొర. చర్మం నుంచి కండ దాకా పూర్తి మందం వచ్చేలా ఒక దిమ్మ కోసి తీయాలి, పైపైన గీకి తెచ్చింది పనికిరాదు, లోపలి పొర తిండి దొరికిందా లేదా అన్నదాన్ని బట్టి కరుగుతూ పేరుకుంటూ ఉంటుంది, బయటి పొర అంతగా కదలదు, ఏదో ఒక పొర మాత్రమే కొలిస్తే నంబర్ ఎటో ఒకవైపు లాగేస్తుంది. తీసిన దిమ్మని అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెడతాం. ల్యాబ్‌లో తేమ తీసేసి సాల్వెంట్‌తో (కొవ్వుని కరిగించే ద్రవం) గంటల తరబడి కొవ్వు మొత్తం లాగాక అందులో కొంత ఆరబెట్టి తూకం వేస్తాం, "కిలో కొవ్వుకి" అనే లెక్క ఆ తూకంతోనే వస్తుంది.

ఆ తర్వాత స్టెప్ నాకు ఎన్నిసార్లు చేసినా ఆశ్చర్యమే. హెక్సేన్ అనే సాల్వెంట్‌లో కరిగిన ఆ కొవ్వు మీద గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి కదిపితే కొవ్వు గోధుమ రంగు దాటి నల్లగా మాడిపోయి యాసిడ్‌తో పాటు కిందికి దిగిపోతుంది, పైన హెక్సేన్ నీళ్ళలా తేటగా మిగులుతుంది. ఆ తేటలో పీసీబీలు చెక్కుచెదరకుండా ఉంటాయి. మనం దీన్ని శుభ్రం చేసే పద్ధతిగా వాడుకుంటున్నాం అంతే, కానీ గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌కే లొంగని పదార్థాన్ని ఒక జంతువు లివర్ ఏం చేయగలదో ఆలోచించండి.

తర్వాత గ్యాస్ క్రొమటోగ్రాఫ్, కలిసి ఉన్న రసాయనాలని కాలమ్ అనే సన్నటి గొట్టంలో విడదీసి ఒక్కోదాన్నీ గ్రాఫ్‌లో ఒక్కో పీక్‌గా చూపే మెషీన్. పీసీబీ అంటే ఒక్క రసాయనం కాదు, రెండు బెంజీన్ వలయాలకి క్లోరిన్ ఎక్కడెక్కడ ఎన్ని అతుక్కున్నాయన్న దాన్ని బట్టి 209 రకాలు. కొన్ని ల్యాబ్‌లు మామూలుగా ఏడు రకాలు కొలుస్తాయి, కొన్ని 25, కొన్ని వందకి పైన. కాబట్టి "మొత్తం పీసీబీ" అని ఎవరైనా అంటే ముందు ఎన్ని కలిపారో అడగాలి. 138 అనే రకం 163 అనే ఇంకో రకంతో కలిసి ఒకే పీక్‌గా వచ్చే కాలమ్‌లు ఉన్నాయి, ఇలాంటివి తెలియకుండా రెండు పేపర్ల నంబర్లు పక్కపక్కన పెట్టడం మా ఫీల్డ్‌లో రోజూ జరిగే తప్పు. లులు లాంటి శాంపిల్‌లో ఇంకో తలనొప్పి, మామూలు డైల్యూషన్‌తో ఎక్కిస్తే పీక్‌లు కాలిబ్రేషన్ పరిధి (మెషీన్ సరిగ్గా కొలవగలిగే హద్దు) దాటి తల చదును అయిపోతాయి, మళ్ళీ పల్చన చేసి ఎక్కించాలి, దాని వెనకే ఖాళీ సాల్వెంట్ ఎక్కించి ముందుదాని మిగులు తర్వాతి శాంపిల్‌లోకి రావట్లేదని చూసుకోవాలి. నంబర్ నమ్మశక్యంగా లేనప్పుడు మొదట అనుమానించాల్సింది మెషీన్‌నే, జంతువుని కాదు.

ఇంకో విషయం, జంతువు చిక్కిపోయి ఉందా లేదా. తిండి లేక కొవ్వు కరిగిపోతుంటే పీసీబీ మాత్రం కరగదు, ఉప్పునీళ్ళు మరిగిస్తే ఉప్పు మిగిలినట్టు మిగిలిన కొవ్వులో దాని మోతాదు పెరుగుతుంది. అందుకే బ్లబ్బర్ మందం, కొవ్వు శాతం రెండూ రాయని రిపోర్ట్ నా టేబుల్ మీదకి వస్తే నేను వెనక్కి పంపుతాను. అయితే తాళ్ళలో చిక్కి కొన్నాళ్ళు తిండి లేకుండా ఉందనుకున్నా ఇంత పెద్ద అంకె దానివల్ల రాదు, కొంచెం పెరుగుతుంది అంతే.

వంద రెట్లు, దేనికి?

పోలికకి వాడిన గీత, అంటే హద్దు, కిలో కొవ్వుకి 9 మిల్లీగ్రాములు. సముద్ర క్షీరదాల్లో శరీరం మీద ప్రభావం మొదలయ్యే స్థాయి అని తీసుకుంటారు. 957ని 9తో భాగిస్తే వంద దాటుతుంది, హెడ్డింగ్ అక్కడిది. దాని పైన ఇంకో గీత ఉంది, 41, అది బాల్టిక్ సముద్రంలో 1970లలో సంతానం ఆగిపోయిన రింగ్డ్ సీల్స్ నుంచి తీసింది. అప్పట్లో ఆ సీల్స్‌ని కోసి చూస్తే గర్భాశయం గొట్టాలు మూసుకుపోయి కనిపించాయి.

అంటే ఈ గీతలు ఓర్కాల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవి కావు. ఓర్కా మీద అలాంటి ప్రయోగం ఎవరూ చేయరు, చేయలేరు కూడా. సీల్స్, మింక్ (ముంగిసలా ఉండే చిన్న జంతువు) లాంటి జంతువుల నుంచి తెచ్చి పెట్టుకున్న కొలతలు. అందుకని 10 దగ్గర ఉన్న జంతువు విషయంలో నేను ఈ గీత పట్టుకుని వాదించను, అటూ ఇటూ కావచ్చు. కానీ 957 దగ్గర ఆ గొడవే లేదు, గీతని రెండింతలు జరిపినా, ఐదింతలు జరిపినా లులు పైనే ఉంటుంది.

ఇంకో పోలిక ఇస్తాను, నాకు ఇదే ఎక్కువ ఉపయోగం అనిపిస్తుంది. చెత్తగా పారేసే సామాన్లలో పీసీబీ కిలోకి 50 మిల్లీగ్రాములు దాటితే అంతర్జాతీయంగా దాన్ని ప్రత్యేకంగా నాశనం చేయాల్సిన ప్రమాదకర వ్యర్థంగా చూస్తారు. కెనడాలో సెయింట్ లారెన్స్ నదీముఖంలో చచ్చిన బెలూగాల్లో (తెల్ల తిమింగలాలు) కొన్ని ఆ గీత దాటాయి. లులు లెక్క కొవ్వు బరువు మీద వేసింది, వ్యర్థాల లెక్క మొత్తం బరువు మీద వేసేది, నేరుగా పోల్చకూడదు, నిజమే. కానీ బ్లబ్బర్‌లో ఎక్కువ భాగం కొవ్వే కాబట్టి తేడా ఎంత ఉన్నా ఆ శరీరాన్ని మామూలు చెత్తలో వేయడానికి రూల్ ఒప్పుకోదు.

అసలు చిక్కు

ఇప్పుడు అండాశయం దగ్గరికి వద్దాం, ఈ కేస్ నేను నేర్పడానికి తీసేదే దీనికోసం.

ఆడ ఓర్కాలు పీసీబీని వదిలించుకోగలిగే దారి దాదాపు ఒక్కటే, పిల్ల. కడుపులో ఉన్నప్పుడు కొంచెం, పాలలో చాలా ఎక్కువగా తల్లి నుంచి పిల్లకి వెళ్ళిపోతుంది, అందులోనూ మొదటి పిల్లకే పెద్ద వాటా పడుతుంది. ఫ్లోరిడాలో సరసోటా దగ్గర డాల్ఫిన్లని ఏళ్ళ తరబడి గమనించిన వాళ్ళు కూడా ఇదే చూశారు, మొదటి కాన్పు తర్వాత తల్లిలో స్థాయి పడిపోతుంది, మొదటి పిల్లలు తర్వాతి వాటికన్నా ఎక్కువగా చనిపోతాయి. మగవాటికి ఈ దారి లేదు, వయసుతో పాటు ఎక్కుతూనే పోతుంది. కెనడా బ్రిటిష్ కొలంబియా తీరంలో సీల్స్‌ని తినే ట్రాన్సియెంట్ ఓర్కాల మీద 2000లో వచ్చిన కొలతల్లో మగవాటి సగటు కిలో కొవ్వుకి 251 మిల్లీగ్రాములు, ఆడవాటిది 59. ఒకే నీళ్ళు, ఒకే తిండి, తేడా పాలు.

లులు ఆడది, పైగా ఆ మగవాటి సగటుకి దాదాపు నాలుగింతలు. దీన్ని రెండు వైపుల నుంచి చదవచ్చు. పీసీబీ ఎక్కువ కాబట్టి పిల్లలు పుట్టలేదు అనొచ్చు. పిల్లలు పుట్టలేదు కాబట్టి, వదిలించుకునే దారి లేక, పీసీబీ ఇంత పేరుకుంది అని కూడా అనొచ్చు. ఒక్క చచ్చిన జంతువు ఒక్క శాంపిల్‌తో ఈ రెంటిలో ఏది ముందో తేల్చడం కుదరదు. రెండూ ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోయి ఉండొచ్చు, నా అంచనా అయితే అదే. పుట్టినప్పుడే తల్లి మొదటి పాలతో పెద్ద మోతాదు దిగి ఉండొచ్చు, ఎదిగే వయసుకే హార్మోన్లు దెబ్బతిని ఉండొచ్చు, ఆ తర్వాత ప్రతి ఏడూ ఖాళీ కాకుండా నిండుతూ పోయి ఉండొచ్చు. ఇది అనుమానం, రిపోర్ట్‌లో రాసే మాట కాదు.

అయితే అండాశయం ఇంకొంచెం సాయం చేస్తుంది. అండం విడుదలైన చోట అండాశయం మీద చిన్న మచ్చ మిగులుతుంది, తిమింగలాల్లో, డాల్ఫిన్లలో ఈ మచ్చలు చాలా కాలం ఉండిపోతాయి, చాలా జాతుల్లో జీవితాంతం ఉంటాయని అనుకుంటారు, కోసి చూసి లెక్కపెడితే ఆ ఆడదాని చరిత్ర కొంత తెలుస్తుంది. గర్భం రాకుండా పోయిన అండాల మచ్చలు మాసిపోవచ్చన్న వాదన కూడా ఉంది, అది పక్కన పెట్టుకునే చదవాలి. లులులో అలాంటివేవీ దొరకలేదు. ఎవరైనా "చిన్న గుంపు కదా, అన్నీ చుట్టాలే, జత దొరకలేదేమో" అంటారు, న్యాయమైన ప్రశ్నే, గుంపు మొత్తానికి పిల్లలు లేకపోవడానికి అది ఒక కారణం అయ్యుండొచ్చు కూడా. కానీ ఓర్కాల్లో అండం విడుదల కావడానికి జత అక్కర్లేదు, దానంతట అదే అవుతుంది. జత దొరకని ఆడదానికైనా ఏదో ఒక ఆనవాలు ఉండాలి. కాబట్టి జత లేకపోవడం ఒక్కటే కారణం అని నేను ఒప్పుకోలేను.

అంత ఎలా ఎక్కింది

ఇది చాలా మందికి తెలిసిన కథే, త్వరగా చెప్పేస్తాను. పీసీబీ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ప్లాంక్టన్‌లోకి కొంచెం, దాన్ని తిన్న చిన్న చేపలోకి ఇంకొంచెం, ఆ చేపల్ని తిన్న పెద్ద చేపలోకి, దాన్ని తిన్న సీల్‌లోకి, చివరికి ఓర్కాలోకి. తక్కువ చెప్పుకునే ముక్క ఏంటంటే చేపకి మొప్పలు ఉన్నాయి, రక్తంలో ఉన్న రసాయనాన్ని మొప్పల నుంచి కొంతైనా నీళ్ళలోకి తిరిగి వదలగలదు. సీల్, ఓర్కా గాలి పీల్చే జంతువులు, ఊపిరితిత్తుల నుంచి గాలిలోకి పోవడం ఈ రసాయనానికి చాలా కష్టం. అందుకే సీల్స్‌ని, పోర్పాయిస్‌లని (డాల్ఫిన్ లాంటి చిన్న జంతువులు) తినే ఓర్కా, చేపలు తినే ఓర్కా కన్నా ఒక మెట్టు కాదు, చాలా మెట్లు పైన ఉన్నట్టు నంబర్ వస్తుంది. లులు గుంపు సముద్ర క్షీరదాలని తినేదని పరిశీలకుల అంచనా.

లివర్ అరగదీయలేదా అంటే, కొన్ని రకాలని అరగదీస్తుంది. వలయం మీద పక్కపక్కన రెండు చోట్ల క్లోరిన్ లేకుండా ఖాళీ ఉంటే ఎంజైమ్‌కి పట్టు దొరుకుతుంది. 153 రకంలో అలాంటి ఖాళీ లేదు. అందుకే ఎక్కడి ఓర్కా బ్లబ్బర్ తెచ్చినా క్రొమటోగ్రామ్‌లో (ఆ మెషీన్ గీసే గ్రాఫ్) 153, దాని దగ్గర 138, 180 నిటారుగా నిలబడి ఉంటాయి, ఫ్యాక్టరీ నూనెలో ఉన్న తేలిక రకాలు సగం మాయమై ఉంటాయి. ఆ ఆకారం చూసే ఇది కొత్తగా ఒలికిన నూనె కాదు, ఎన్నో శరీరాల గుండా వడకట్టుకుని వచ్చింది అని చెప్పేస్తాం.

ఆపేసి ఇన్నేళ్ళయ్యాక కూడానా?

కొత్తవాళ్ళందరూ అడిగే ప్రశ్న. పీసీబీ తయారీ 1929లో అమెరికాలో మొదలైంది, ప్రపంచం మొత్తం మీద పది లక్షల టన్నులకి పైగానే చేశారు, ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు, పెయింట్లు, భవనాల సందుల్లో నింపే సీలెంట్లు. ఇది ప్రకృతిలో తిరుగుతోందని మొదట పట్టుకుంది స్వీడన్ కెమిస్ట్ సోరెన్ యెన్సెన్, 1966లో, అది కూడా డీడీటీ కోసం వెతుకుతుంటే మధ్యలో అర్థంకాని పీక్‌లు వచ్చి. అమెరికాలో తయారీని 1979లో నిషేధించారు, యూరప్‌లో 1980లలో ఆగింది. ఇలాంటి విరగని రసాయనాలని ఆపే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం 2001లో కుదిరింది, 2004లో అమల్లోకి వచ్చింది, పీసీబీ ఉన్న పరికరాల వాడకం 2025 కల్లా ఆపేయాలని, మిగిలిన వ్యర్థాన్ని 2028 కల్లా సురక్షితంగా వదిలించాలని అందులో గడువు. పాత సామాన్లు ఇంకా గోడల్లో, గోదాముల్లో, తీరం పక్కన చెత్తకుప్పల్లో ఉన్నాయి కాబట్టి కారుతూనే ఉంది.

నిషేధం పనిచేయలేదా అంటే చేసింది, అది కూడా చెప్పాలి. బాల్టిక్‌లో గ్రే సీల్స్ సంఖ్య మళ్ళీ బాగా పెరిగింది, మూసుకుపోయిన గర్భాశయాలు కనబడటం తగ్గిపోయింది. బ్రిటన్ పోర్పాయిస్‌లలో కూడా పీసీబీ తగ్గుతూ వచ్చి 1990ల చివర్లో అక్కడే ఆగిపోయింది, గ్రాఫ్‌లో గీత చదునైపోయింది. ఓర్కాల దగ్గరికి వచ్చేసరికి ఆ లాభం అందలేదు, ఎందుకంటే అవి ఎనభై ఏళ్ళు కూడా బతకగలవు, పిల్లల మధ్య ఏళ్ళ ఎడం, తల్లి భారం పాలలో కూతురికి, కూతురి నుంచి మనవరాలికి. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన మోడల్ ప్రకారం ప్రపంచంలోని ఓర్కా గుంపుల్లో సగానికి పైగా రాబోయే వందేళ్ళలో పీసీబీ వల్లే కుదేలయ్యే ప్రమాదం ఉంది. మోడల్ మోడలే, కానీ అందులో బాగా దెబ్బతినేవిగా చూపించిన చోట్లలో బ్రిటన్ కూడా ఉంది.

దూరంగా ఉన్న సముద్రాలు కూడా తప్పించుకోలేదు. 2017లో మరియానా ట్రెంచ్ అడుగున పట్టిన రొయ్యల్లాంటి చిన్న జీవుల్లో కూడా పీసీబీ దొరికింది, కిలోమీటర్ల లోతులో, ఏ ఫ్యాక్టరీకీ దగ్గర కాని చోట. మనుషుల సంగతికొస్తే, ఉత్తర క్యుబెక్ నునావిక్‌లో సముద్ర క్షీరదాల కొవ్వు తినే ఇన్యూట్ తల్లుల పాలలో పీసీబీ దక్షిణ క్యుబెక్ తల్లుల కన్నా దాదాపు ఐదు రెట్లు ఉన్నట్టు 1980ల చివర్లో తేలింది, ఫారో దీవుల్లో అయితే ప్రధాన వైద్యాధికారి 2008లో పైలట్ వేల్ మాంసం ఇక తినొద్దనే సలహా ఇచ్చారు. పాలిచ్చే తల్లి తనలోది కొంత పిల్లకి దింపేయడం మనుషుల్లోనూ జరిగేదే, లులు విషయంలో జరగనిదీ అదే.

ఇలాంటి జంతువు రేపు నా టేబుల్ మీదకి వస్తే

బ్లబ్బర్ పూర్తి మందం, కొవ్వు శాతం, ఒక్కో రకం పీసీబీ విడిగా ఉన్న పట్టిక, ఇవి ఎలాగూ అడుగుతాను. అండాశయాలు రెండూ పూర్తిగా పలుచగా కోసి చూసిన నోట్స్ కావాలి, "యాక్టివిటీ లేదు" అని ఒక్క లైన్ సరిపోదు. వయసు తేల్చడానికి ఒక పన్ను కోసి చూసిన ఫలితం. వీలైతే పాత ఫొటో రికార్డులు, పక్కన ఎప్పుడైనా పిల్ల కనిపించిందా అని.

ఇంకోటి, లివర్ తప్పకుండా తీయమంటాను. పీఎఫ్ఓఎస్ లాంటి ఫ్లోరిన్ రసాయనాలు కొవ్వులోకి పోవు, ప్రోటీన్‌ని పట్టుకుని రక్తంలో, లివర్‌లో కూర్చుంటాయి. పీఎఫ్ఓఎస్ స్టాక్‌హోమ్ లిస్టులోకి 2009లో చేరింది, పీఎఫ్ఓఏ 2019లో. బ్లబ్బర్ మాత్రమే పంపి "ఇంకేం లేవు" అని రాసిన రిపోర్ట్‌లు చూశాను, వెతకని చోట ఏమీ దొరకదు కదా. సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో శుభ్రం చేసే మా పాత పద్ధతి కూడా వీటికి పనికిరాదు, వేరే ఎక్స్‌ట్రాక్షన్, వేరే మెషీన్, కాబట్టి లివర్ ముక్కని విడిగా, పీఎఫ్ఏఎస్ (ఈ ఫ్లోరిన్ రసాయనాల గుంపు పేరు) లేవని ముందే చెక్ చేసిన పాలీప్రొపైలీన్ డబ్బాలో పంపాలి.